అర్జెంటు సేల్: ఆర్కెస్ట్రా వాళ్లు పాత సామాను కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

ఆషాఢం మొదలైన వారం పది రోజులకు మ్యుజీషియన్ల వాట్సాప్ గ్రూపుల్లో అమ్మకాల పోస్టులు ఒకదాని వెంట ఒకటి పడుతుంటాయి. కీబోర్డు, రిథమ్ ప్యాడ్లు, కార్డ్‌లెస్ మైకుల సెట్టు, ఒక్కోసారి మిక్సరూ స్టాండ్లతో సహా మొత్తం సరంజామా. కింద "అర్జెంటు, రేటు మాట్లాడుకుందాం" అని ఒక లైను. పెళ్లిళ్లు లేని నెలల్లో ఆర్కెస్ట్రా వాళ్ల చేతిలో డబ్బు ఆడదు. పిల్లల స్కూలు ఫీజులు మాత్రం సరిగ్గా అప్పుడే వచ్చి కూర్చుంటాయి. 2023లో ఆషాఢం అయిపోయిందనుకుంటే వెంటనే అధిక శ్రావణం వచ్చింది. జూన్ మూడో వారం నుంచి ఆగస్టు మధ్య దాకా పెళ్లి ముహూర్తాలే లేవు. అదే కీబోర్డును వినాయక చవితికి పదిహేను రోజుల ముందో, చర్చిల్లో క్రిస్మస్ ప్రాక్టీసులు మొదలయ్యే నవంబరులోనో అడిగి చూడండి. అమ్మేవాడి గొంతే మారిపోతుంది.

పాత సామాను రేటు ఆ సామాను గురించి చెప్పేదానికంటే అమ్మేవాడి పరిస్థితి గురించి ఎక్కువ చెబుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. రేటు తగ్గడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి అమ్మేవాడికి డబ్బు అవసరం, రెండోది వస్తువులో జబ్బు. ఫోటోలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. సరదాకి ఇంట్లో వాయించుకునేవాళ్లకు ఇది పెద్ద ప్రమాదం కాదు, కీబోర్డు ఆగిపోతే ఒక ఆదివారం పాడవుతుంది, అంతే. ప్రోగ్రాములు చేసి బతికేవాళ్ల సంగతి వేరు. కల్యాణ మండపంలో సింగర్ పల్లవి ఎత్తుకున్నాక కీబోర్డు మూగబోతే ఆ రాత్రి పేమెంటుతో పాటు ఆ ఈవెంట్ మేనేజర్ ఇవ్వబోయే తర్వాతి బుకింగ్ కూడా పోతుంది.

అందుకని "ఎంతకిస్తావు" అన్న ప్రశ్న చివర్లో రావాలి. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండు. ఈ వస్తువు ఎక్కడ పాడవుతుంది? పాడైతే బాగుచేసుకునే దారి నాకు ఉందా? మొదటిదానికి జవాబు వస్తువును పరీక్షిస్తే దొరుకుతుంది. రెండోదానికి జవాబు మాత్రం మన బ్యాగులో, మన బీరువాలో, మనకు తెలిసిన మెకానిక్ దగ్గర ఉంటుంది. పాత సామాను కోసం వెతకడం, ఉన్న సామాను సర్దుకోవడం వేర్వేరు పనులని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో రెండోది చేయకుండా మొదటిది చేస్తే డబ్బులు దండగ.

ఏది పాతబడుతుంది, ఏది పడదు

డైనమిక్ మైకుతో మొదలుపెడదాం, ఎందుకంటే అది అన్నిటికంటే తేలిక. లోపల ఒక పల్చటి పొర, దానికి అంటిన తీగచుట్ట, ఒక అయస్కాంతం. బ్యాటరీ లేదు, సర్క్యూట్ దాదాపు లేదు. ష్యూర్ కంపెనీ ఎస్‌ఎం58 మైకు 1966లో వచ్చింది. ఇవాళ్టికీ అదే డిజైన్ అమ్ముతున్నారు. కిందపడి జాలీ నొక్కుకుపోతే జాలీ విడిగా దొరుకుతుంది. లోపలి కార్ట్రిడ్జి కూడా ఆర్59 అనే పేరుతో విడిగా దొరుకుతుంది. అందుకే పదేళ్ల ఒరిజినల్ డైనమిక్ మైకు కొనడానికి నేను వెనకాడను.

వెనకాడాల్సింది నకిలీకి. ఎస్‌ఎం58కి ఉన్నన్ని నకిలీలు బహుశా ఏ మైకుకీ లేవు. డబ్బా, స్టిక్కరు, సంచీ, అన్నీ అచ్చు గుద్దినట్టు చేస్తారు. అసలుది 298 గ్రాములు ఉంటుంది. బరువులో బాగా తేడా వస్తే అక్కడితో ఆపేయొచ్చు. కానీ బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు. నమ్మకమైన పరీక్ష ఒక్కటే: అసలుదని తెలిసిన మైకును వెంట తీసుకెళ్లి, మిక్సరులో ఒకే చానల్‌లో, గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే నాబ్) కదపకుండా, రెండూ మార్చి మార్చి మాట్లాడి చూడటం. నకిలీది పీలగానో మూసుకుపోయినట్టో వినిపిస్తుంది, చేత్తో పట్టుకుంటే వచ్చే గరగర కూడా ఎక్కువగా ఉంటుంది.

కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఒక్కో కీ కింద రబ్బరు బుడిపెల పట్టీ ఉంటుంది, ఆ బుడిపెల అడుగున నల్లటి కార్బన్ పూత. చేతి బలాన్ని గుర్తించే కీబోర్డుల్లో ఒక్కో కీకి ఇలాంటి కాంటాక్టులు రెండు. కీ నొక్కినప్పుడు మొదటిది తగిలాక రెండోది తగలడానికి ఎంత సమయం పట్టిందో కొలిచి, దాన్నిబట్టి స్వరం ఎంత గట్టిగా రావాలో కీబోర్డు నిర్ణయిస్తుంది. దుమ్ము, తేమ, చెమట చేరి ఈ రెంటిలో ఒకటి సరిగ్గా తగలకపోతే ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు మెల్లగా నొక్కినా స్వరం అరిచినట్టు వస్తుంది, లేదా అసలు రాదు. కొనే ముందు ఎడమ చివర నుంచి కుడి చివర దాకా ప్రతి కీనీ మూడు రకాలుగా నొక్కి చూడాలనేది ఇందుకే: చాలా మెల్లగా, మామూలుగా, గట్టిగా. నచ్చిన పాట బిట్టు వాయించి "సూపర్ ఉంది బాస్" అనేసేవాళ్లు మధ్యలో ఉన్న రెండు ఆక్టేవులే (స్థాయిలే) పరీక్షించినట్టు.

ఈ లోపం ఉన్నంత మాత్రాన వస్తువు పనికిరానిదేం కాదు. విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది, పూత అరిగిపోతే పట్టీ మార్చాలి. మార్చడానికి పట్టీ దొరకాలి కదా! అక్కడ పనికొచ్చేది ఆ మోడల్‌కు ఉన్న జనాదరణ. యమహా మన దేశం కోసం చేసిన పీఎస్‌ఆర్-ఐ455, ఐ500, రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటివి మన వాయిద్యాల టోన్లతో (ధ్వనులతో) వచ్చాయి కాబట్టి ఇక్కడ చాలా చేతులు మారాయి. చాలా చేతులు మారినవి చాలాసార్లు పాడై ఉంటాయి. వాటిని విప్పిన మెకానిక్‌లూ, పార్టుల కోసం పక్కన పడేసిన డెడ్ పీసులూ ఉంటాయి. పేరున్న అరుదైన విదేశీ సింథసైజర్ చవగ్గా వచ్చిందని మురిసిపోయేవాళ్లు ఈ వైపు ఆలోచించరు.

అలాంటి అరుదైన వాటిలో వేడికి సంబంధించిన జబ్బు ఒకటుంది. 1991 నాటి రోలాండ్ జేడీ-800, 1996 నాటి ఎక్స్‌పీ-80 కీబోర్డుల్లో కీల కింద బరువు దిమ్మలను ఎర్రటి జిగురుతో అతికించారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు మెత్తబడి, కారి, కీల మధ్యలోకీ కింది కాంటాక్టుల మీదికీ దిగుతుంది. వేడికి ఇది ఇంకా ముదురుతుంది. రామగుండం ఎండలో రేకుల గదిలో పెట్టిన ఎక్స్‌పీ-80 ఏ స్థితిలో ఉంటుందో ఊహించుకోండి. శుభ్రం చేయొచ్చు, కానీ ప్రతి కీ విప్పాలి, అందుకు రోజులు పడతాయి. కొనబోయే ముందు కీల మధ్య సందుల్లోకి టార్చి వేసి ఎర్రటి చారలున్నాయేమో చూడటం ఉచితం.

ఇక "అసలు వాడలేదు సార్, ఇంట్లోనే ఉంది" అనే మాట. కొనేవాళ్లకు ఇది చెవిలో అమృతంలా పడుతుంది. నాకైతే వెంటనే అనుమానం వస్తుంది. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వాడకపోయినా వయసు మీరతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. అటక మీద పెట్టిన కీబోర్డులో మర్చిపోయిన పెన్సిల్ సెల్స్ కారి స్ప్రింగులను తినేస్తాయి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి జాక్‌ల లోపలి లోహాన్ని పట్టేస్తుంది. వారానికి రెండు ప్రోగ్రాములు చేస్తూ, గీతలు పడి, స్టిక్కర్లు ఊడిన కీబోర్డే చాలాసార్లు నయం. అది నిన్న రాత్రి స్టేజీ మీద పనిచేసిందని మనకు తెలుసు కదా.

వయసు మీద పడినా విలువ తగ్గని వస్తువు చూడాలంటే పద్యనాటకాల హార్మోనిస్టులను అడగండి. పాత జర్మన్ రీడ్లున్న పెట్టె దొరికితే కొత్తదాన్ని పక్కన పెడతారు. తిత్తి చిరిగితే అతికించుకోవచ్చు, రీడ్లు శ్రుతి తప్పితే గీకి సరిచేయించుకోవచ్చు. విప్పితే కంటికి కనిపించని భాగం అందులో ఒక్కటీ లేదు. ఎలక్ట్రానిక్ వాయిద్యంలో అలా ఉండదు. ఒక చిప్పు పోతే, ఆ చిప్పు తయారీ ఆగిపోయి ఉంటే, కథ అక్కడితో సరి.

రిథమ్ ప్యాడ్ల విషయంలో మనవాళ్లకు రోలాండ్ ఎస్‌పీడీ-20 మీద మోజు ఇంకా తీరలేదు. 1998లో వచ్చిన పెట్టె అది. తర్వాత 2010లో ఎస్‌పీడీ-30, ఆ వెంటే ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ వచ్చినా, తబలా బీటుకు దానికి అలవాటుపడ్డ చెయ్యి దాన్నే అడుగుతుంది. ఇరవై ఏళ్లు కర్రల దెబ్బలు తిన్న పెట్టెను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పరీక్షించాలి, స్పీకర్లో కాదు. ఒక ప్యాడు గట్టిగా కొడితే పక్క ప్యాడు శబ్దం సన్నగా వస్తోందా, అంచున కొడితే మధ్యలో కొట్టినంత పలుకుతోందా, వేగంగా రోల్ వేస్తే మధ్యలో దెబ్బలు రాలిపోతున్నాయా చూసుకోండి. అమ్మేవాళ్లు వాల్యూమ్ పెంచి గదంతా మోగిస్తే ఈ మూడూ వినపడవు.

స్పీకర్లు, యాంప్లిఫయర్లు సౌండ్ వాళ్ల రాజ్యం, వాటి గురించి ఎక్కువ చెప్పను. కోన్‌ను రెండు చేతులతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కినప్పుడు గీరుకున్న శబ్దం వస్తే కాయిల్ దెబ్బతిన్నట్టే, రీకాయిలింగ్ ఖర్చు కలుపుకుని బేరమాడండి.

ఊరికి సరిపడే కరెంటు, ఊరికి సరిపడే తరంగాలు

పాత సామాన్లో చాలా మరణాలకు కారణం అడాప్టరు. అమ్మినవాడు అడాప్టరు పోగొడతాడు, కొన్నవాడు ఇంట్లో ఉన్నదేదో గుచ్చుతాడు. పిన్ను లోపలికి దూరింది కాబట్టి సరిపోయిందనుకుంటాడు. యమహా పీఏ-150 అడాప్టరు 12 వోల్టులు, పిన్ను మధ్యలో పాజిటివ్. పాత కాసియోలకు వచ్చే ఏడీ-5 అడాప్టరు 9 వోల్టులు, మధ్యలో నెగటివ్. గిటారిస్టులు వాడే బాస్ (Boss) కంపెనీ పెడల్స్ కూడా 9 వోల్టులు, మధ్యలో నెగటివ్. ఒకదాని అడాప్టరు ఇంకోదానికి గుచ్చితే అదృష్టం ఉంటే ఆన్ అవదు, లేకపోతే బోర్డు కాలుతుంది. పెట్టె వెనకాల జాక్ పక్కన చిన్న గుండ్రాల బొమ్మలో ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి, అడాప్టరు మీద కూడా అదే బొమ్మ ఉంటుంది. రెండూ కలవాలి, వోల్టులు కలవాలి, అడాప్టరు ఇచ్చే ఆంపియర్లు పెట్టెకు కావాల్సినదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి.

అమెరికాలో ఉన్న బావగారో తమ్ముడో వస్తూ వస్తూ పాతది తెచ్చిపెడతానంటే కూడా ముందు వెనకాల ఉన్న లేబుల్ ఫోటో పంపమనండి. 100-240 వోల్టులని ఉంటే దిగుల్లేదు, ప్లగ్ మార్చుకుంటే చాలు. 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. జపాన్ లోకల్ మోడల్ అయితే 100 వోల్టులే. ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లో స్టూడియోకు పర్వాలేదు. రాత్రి పదకొండింటికి జెనరేటర్ మీద నడిచే షామియానాలో, ఎవడో కుర్రాడు ఎక్స్‌టెన్షన్ బాక్స్ మారుస్తూ నేరుగా గుచ్చేస్తాడు.

కార్డ్‌లెస్ మైకుల విషయంలో చాలామందికి తెలియని మెలిక ఇంకోటి ఉంది. అమెరికాలో వాడిన వైర్‌లెస్ సెట్లు ఒక్కోసారి నమ్మలేనంత చవగ్గా దొరుకుతాయి. అక్కడి టెలికం నియంత్రణ సంస్థ 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో వైర్‌లెస్ మైకులను 2010 జూన్‌లో ఆపేసింది. 600 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఫోన్ కంపెనీలకు వెళ్లిన భాగంలోనూ 2020 జూలై నుంచి వాడకూడదంది. దాంతో ఆ సెట్లన్నీ వాళ్లకు పనికిరాకుండా పోయాయి. మరి మనకు పనికొస్తాయా? 2022లో మన స్పెక్ట్రమ్ వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండును జియో దేశమంతటికీ కొని 5జీకి వాడుతోంది. ఆ ఏడాది 600 బ్యాండును కూడా వేలంలో పెట్టారు, అప్పటికి ఎవరూ పాడలేదు. కాబట్టి 700 పైన నడిచే పాత మైకు సెట్టు పల్లెటూరి తిరునాళ్లలో బాగానే పనిచేసి, హైదరాబాద్ ఫంక్షన్ హాల్లో టవర్ పక్కన గరగరమనొచ్చు. అమ్మేవాడు అబద్ధం చెప్పినట్టు కాదు, అతని ఊళ్లో నిజంగానే బాగుండి ఉంటుంది. రిసీవర్ వెనకాల ఫ్రీక్వెన్సీ రేంజ్ రాసి ఉంటుంది, అది చూడకుండా కార్డ్‌లెస్ సెట్టుకు అడ్వాన్సు ఇవ్వకండి.

"డేటా ఫ్రీ"

"5 జీబీ ఇండియన్ టోన్స్ లోడ్ చేసి ఉన్నాయి" అనే ఊరింపు కీబోర్డు పోస్టుల్లో మామూలే. లోడ్ చేసిన టోన్లకు నిజంగా విలువ ఉంది. షెహనాయి, నాదస్వరం సరిగ్గా పలికే కీబోర్డు పెళ్లిలో రెండు పనులు చేసిపెడుతుంది. కానీ లెక్క చూడండి. యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్900లో కొత్త టోన్ల కోసం ఉన్న ఎక్స్‌పాన్షన్ మెమరీ 1 జీబీ, ఎస్‌ఎక్స్700లో 400 ఎంబీ. 5 జీబీ అన్నాడంటే అందులో చాలావరకు పెన్‌డ్రైవ్‌లో ఉన్న స్టైల్సో (కీబోర్డు తనంతట తాను వాయించే తాళాలు), ఎంపీ3 పాటలో అయ్యుండాలి. పైగా డబ్బు పెట్టి కొన్న టోన్ ప్యాకులు చాలావరకు ఆ ఒక్క కీబోర్డు గుర్తింపు నంబరుకు తాళం వేసి ఇస్తారు. కీబోర్డు మీ చేతికి వచ్చినా, రేపు రీసెట్ చేయాల్సివస్తే మళ్లీ ఎక్కించడానికి అసలు ఫైలు అమ్మినవాడి కంప్యూటర్లోనే ఉంటుంది. ఆ ఫైలు కూడా ఇస్తేనే డేటా ఇచ్చినట్టు. మీ ముందే ఒక పెన్‌డ్రైవ్‌లోకి పూర్తి బ్యాకప్ తీయించుకోండి. యూఎస్‌బీ పోర్టు పనిచేస్తోందో లేదో కూడా ఆ పనిలోనే తేలిపోతుంది.

ఫ్లాపీ డ్రైవ్ ఉన్న పాత మోడళ్లకు ఫ్లాపీ కోసం వెతకనక్కర్లేదు. దాని స్థానంలో పెన్‌డ్రైవ్ పెట్టుకునే గోటెక్ లాంటి ఎమ్యులేటర్లు బిగించుకోవచ్చు.

నోటుబుక్కు

ఇప్పుడు ఉన్న సామాను సంగతి. మన ఆర్కెస్ట్రాల్లో చాలామంది దగ్గర ఎంత సామాను ఉందో వాళ్లకే తెలియదు. ఇంట్లో మంచం కింద మూడు అడాప్టర్లు, ఏది దేనిదో తెలియదు. ఆరు కేబుళ్లలో రెండు పనిచేయవు, ఏ రెండో తెలియదు. ప్రోగ్రాం రోజు టెన్షన్‌లో కొత్తది కొనేస్తారు, అది ఏడోదవుతుంది.

ఒక నోటుబుక్కో ఫోన్లో ఒక షీటో చాలు. వస్తువు పేరు, మోడల్, సీరియల్ నంబరు, ఎప్పుడు ఎవరి దగ్గర కొన్నారు, బిల్లు ఫోటో, అడాప్టరు వోల్టులూ పోలారిటీ, ఇప్పటిదాకా ఏం రిపేరైంది, ఎవరు చేశారు. వీటన్నిటికంటే ముఖ్యమైన గడి మాత్రం ఇంకోటి: ఇది ఈ రాత్రి ఆగిపోతే ప్రోగ్రాం ఆగుతుందా? అవును అని రాసిన ప్రతి వస్తువు పక్కన, దానికి బదులు ఏముందో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే మీరు వెతకాల్సిన పాత సామాను అదే. అంతకుమించి ఓఎల్ఎక్స్‌లో ఏం కనిపించినా అది సరదా, దానికి వేరే జేబు ఉండాలి.

ఇలా రాసుకున్నాక చాలామందికి ఎదురయ్యే నిజం కొంచెం చేదుగా ఉంటుంది. కావాల్సింది పెద్ద కీబోర్డు కాదని తేలుతుంది. కీబోర్డుకు ఇంకో అడాప్టరు, రెండు మంచి కేబుళ్లు, స్వరాన్ని నిలిపే సస్టెయిన్ పెడలు, కీబోర్డు సిగ్నల్‌ను రొద లేకుండా మిక్సరుకు పంపే ఒక డీఐ బాక్స్. ఎవరికీ ఫోటో పెట్టాలనిపించని సామాను. వీటిలో కేబుళ్లు మాత్రం పాతవి కొనొద్దు. మంచి వైరు, లోహపు పీ-38 పిన్నులు (కీబోర్డు, గిటారు కేబుళ్ల చివర ఉండే లావు పిన్నులు) కొని టంకం వేసుకోవడమో వేయించుకోవడమో మేలు. తెగితే కోసి మళ్లీ టంకం వేసుకోవచ్చు. ప్లాస్టిక్‌తో అచ్చుపోసిన పిన్నును విప్పడమే కుదరదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠీ గుజరాతీ గల్లీలో ఈ సరుకంతా ఒక్క చోటే దొరుకుతుంది.

బదులు కీబోర్డు కొనాల్సివస్తే నా సలహా కొంతమందికి నచ్చదు: ఇప్పుడున్న మోడలే ఇంకోటి, పాతది, కొనండి. కొత్త టోన్లు రావు, ఫేస్‌బుక్‌లో పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. కానీ అదే అడాప్టరు, అదే బ్యాగు, అదే బ్యాకప్ ఫైలు, పాటకో సెట్టింగ్ చొప్పున ఏళ్లుగా పేర్చుకున్న రిజిస్ట్రేషన్లు అన్నీ రెండోదాంట్లోకి ఎక్కుతాయి. ఒకటి చచ్చిపోతే దాని కాంటాక్టు పట్టీలు, నాబ్‌లు, డిస్‌ప్లే ఇంకోదానికి స్పేర్లు. వేరే కంపెనీది కొంటే రిహార్సల్ లేకుండా స్టేజీ మీద దాన్ని వాడలేరు. అంటే బదులు ఉన్నట్టే ఉండి లేనట్టు. ధ్వనులు ఆగిపోయినా కీలు బాగున్న పాత కీబోర్డును కూడా పారేయకండి. ఏ కీ ఎంత గట్టిగా నొక్కారో ఒక వాయిద్యం నుంచి ఇంకోదానికి చెప్పే మిడి పద్ధతి 1983లో వచ్చి ఇంకా నడుస్తోంది కాబట్టి, వెనకాల మిడి ఔట్ ఉంటే దాన్ని లాప్‌టాప్‌కో ఇంకో కీబోర్డుకో తగిలించి కంట్రోలర్‌గా వాడుకోవచ్చు.

డబ్బు లెక్క ఒకటి వేసి చూద్దాం, అంకెలు ఊహించినవే. కొత్త కీబోర్డు 60,000. రెండేళ్లు వాడి 40,000కు అమ్మితే దాని ఖర్చు 20,000. అదే మోడల్ పాతది 40,000కు కొని, శుభ్రం చేయించి బ్యాగు కొన్నందుకు 4,000 పెట్టి, రెండేళ్ల తర్వాత 32,000కు అమ్మితే ఖర్చు 12,000. మిగిలింది 8,000. రాత్రికి 3,000 తీసుకునే ప్లేయర్‌కు అది మూడు ప్రోగ్రాముల సొమ్ము కూడా కాదు. ఆ రెండేళ్లలో పాత కీబోర్డు మూడు రాత్రులు పని చెడగొడితే మిగులు మొత్తం ఆవిరైపోతుంది, కొత్తదానికి ఉండే వారంటీ సంగతి పక్కన పెట్టినా సరే. పాతది ఎప్పుడూ లాభమే అనేవాళ్లు ఈ మూడు రాత్రులను లెక్కలోకి తీసుకోరు. చేతిలో పనిచేసే బదులు ఉన్నవాడికి ఆ మూడు రాత్రులు పోవు, కాబట్టి అతనికి పాతది లాభం. లేనివాడికి అదే వస్తువు, అదే రేటుకు, నష్టం కావచ్చు.

వేట

వెతికేటప్పుడు సరైన మోడల్ పేరు కొట్టి వెతికితే సరైన రేటు తెలిసిన అమ్మకందార్లే దొరుకుతారు. మన ఊళ్లలో ఏ కీబోర్డునైనా కాసియో అనేస్తారు, లేదంటే పియానో. పిల్లాడికి కొనిచ్చి, వాడు హాస్టల్‌కు వెళ్లాక అమ్మేసే తండ్రికి అది పీఎస్‌ఆర్-ఐ500 అని తెలియదు. "యమహా పియానో", "మ్యూజిక్ కాసియో" అని పెడతాడు. అలా వెతికితే చెత్త కూడా చాలా వస్తుంది, ఓపిక కావాలి. ఆన్‌లైన్‌ కంటే నమ్మకమైన చోటు రిపేరు షాపు. ఏ ఊళ్లో ఎవరి కీబోర్డు ఎందుకు విప్పారో ఆ మెకానిక్‌కు తెలుసు, రిపేరుకు ఇచ్చి డబ్బు కట్టలేక వదిలేసినవీ అతని దగ్గరే ఉంటాయి. చర్చిలు సెట్టు మార్చేటప్పుడు అమ్మే సామాను కూడా చూడదగ్గదే. ఒకే చోట, కప్పు కింద, ఒకరిద్దరి చేతుల్లోనే ఉండి ఉంటుంది.

చూడ్డానికి వెళ్లేటప్పుడు సొంత హెడ్‌ఫోన్స్, పనిచేస్తుందని తెలిసిన కేబులు, పెన్‌డ్రైవు, కుదిరితే సరైన అడాప్టరు తీసుకెళ్లండి. కనీసం ముప్పావు గంట ఆన్‌లో ఉంచమనండి. వేడెక్కాకే బయటపడే లోపాలు ఐదు నిమిషాల డెమోలో కనిపించవు. వాల్యూమ్, పిచ్ బెండ్ లాంటివి మెల్లగా తిప్పి గరగర వస్తోందా వినండి. హెడ్‌ఫోన్ జాక్ బాగుండి, మిక్సరుకు తగిలించే లైన్ ఔట్ చచ్చిపోయిన కీబోర్డులు ఉంటాయి, రెండూ చూడాలి. అమ్మేవాడు తొందరపెడితే ఇంకో రోజు వస్తానని చెప్పి లేవండి.

మోసాల తీరు ఇప్పటికి అందరికీ తెలిసే ఉండాలి, అయినా పడుతూనే ఉన్నారు. ఆర్మీలో పనిచేస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, కొరియర్‌లో పంపుతాను అనేది ఒకటి. మీరు అమ్మేటప్పుడు, "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అనేది ఇంకోటి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ అడిగారంటే మీ ఖాతా నుంచి పోతోందని అర్థం. పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

దొంగ సామాను గురించి ఎవరూ మాట్లాడరు, కానీ ప్రోగ్రాం అయ్యాక వ్యాన్ ఎక్కించేటప్పుడు మాయమైన ప్యాడ్లూ మైకులూ ఎక్కడో ఒక చోట అమ్ముడుపోతూనే ఉంటాయి కదా. దొంగసొత్తని తెలిసి, లేదా అనుమానించాల్సిన కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం. బిల్లు లేకపోవడం మన దగ్గర మామూలే. అలాంటప్పుడు తెల్లకాగితం మీద మోడల్, సీరియల్ నంబరు, మొత్తం, తేదీ రాయించి సంతకం తీసుకోండి, డబ్బు ఖాతా ద్వారా ఇవ్వండి. సీరియల్ స్టిక్కర్ గీకేసిన వస్తువును సగం ధరకిచ్చినా ముట్టుకోవద్దు.

ఇంటికి తెచ్చాక దాన్ని నేరుగా పెళ్లికి తీసుకెళ్లకండి. బ్యాకప్ తీసుకున్నాక ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మీ డేటా ఎక్కించి, ఫ్యాన్ లేని గదిలో నాలుగైదు గంటలు ఆన్‌లో ఉంచి వాయించండి. తర్వాత రిహార్సల్‌లో, ఆ తర్వాత బదులుగా పక్కన పెట్టుకుని రెండు మూడు ప్రోగ్రాముల్లో. అప్పటిదాకా మీ దగ్గర ముందునుంచీ ఉన్నదాన్ని అమ్మొద్దు. ఎప్పుడైనా అమ్మితే, పైనుంచి రెండో ఆక్టేవులో ఒక కీ మొరాయిస్తుందని పోస్టులోనే రాసేయండి. కొనేవాడు మరుసటి నెల ఏదో ఒక స్టేజీ మీద మీ పక్కనే నిలబడి వాయించబోయేవాడే.